స్పాంజికి నేను చేయించిన అభ్యంగన స్నానం

జీవితంలో నేను చీమను కూడా తెలిసి తొక్కలేదు. బియ్యంలో పురుగు కనబడితే చేటను ఎండలో పెట్టి, అది తన దారిన తాను పోయేదాకా పక్కనే కూర్చునేదాన్ని. అలాంటి నేను ఒక శుక్రవారం పొద్దున, తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఒక్క గిన్నెడు మరిగే నీళ్ళతో ఎన్ని ప్రాణాలు తీశానో చెప్పగలవాళ్ళు భూమి మీద లేరు. కోట్లలో ఉంటాయని మా వదినె అంటుంది. ఆమెకు కాస్త పెంచి చెప్పే అలవాటుంది కాబట్టి సగం తీసేసినా, మిగిలిన పాపం నాకు ఏడు జన్మలకు సరిపోతుంది. ఆ కథే ఇప్పుడు చెబుతాను. అప్పుడు నేను నవ్వలేదు గనుక నా వాటా కూడా మీరే నవ్వండి.

పెళ్ళై బాన్సువాడకు వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మా మామయ్య నిజాంసాగర్ కాలువ మీద తూములు ఎత్తి దించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు పారే నీళ్ళను చూసిన మనిషి. మోకాళ్ళు మొరాయించి కాలువ దాకా నడవలేకపోయాక, వాకిట్లో నల్లా కింద బకెట్టు నిండుతుంటే దాన్నే చూస్తూ కూర్చునేవారు. బకెట్టు నిండగానే ఆయన ముఖం కాలువ బందైనట్టు చిన్నబోయేది.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇంత తెలివి ఎక్కడిదని మీరు అడుగుతారు. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే పలక పట్టించి చదువు చెప్పారు. మంచి చదువే వచ్చింది, అందుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కాని ఇంట్లో ఒక్కరే కూర్చుని చదువుకోవడంలో ఒక చిక్కుంది. పక్క పిల్ల తప్పు చెప్పి దెబ్బ తినడం చూసే అదృష్టం ఉండదు. తప్పులన్నీ మనమే స్వయంగా చేసి నేర్చుకోవాలి.

మా సుగుణ వదినె, అంటే మా ఆయన అక్క, బోధన్‌లో ఉండేది. వాళ్ళింట్లో అద్దాల తొట్టిలో మూడు బంగారు చేపలుండేవి. ఐదేళ్ళుగా పెంచుతోంది. వదినె భర్త, మా అన్నయ్యగారు, పొద్దున డ్యూటీకి పోతే రాత్రికి గాని రారు, పగలంతా ఆమె మాట్లాడేది ఆ మూడింటితోనే. పెద్దోడు, గౌరి, చిన్ని అని పేర్లు కూడా పెట్టుకుంది. ఇంతలో అన్నయ్యగారికి హైదరాబాదు బదిలీ అయింది. అక్కడ కిరాయి ఇంటి ఓనరు నీళ్ళ తొట్లు గీట్లు పైఅంతస్తులో పెట్టనివ్వనన్నాడు. వదినె రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు ఒక మంచి ఆలోచన చేసింది. చేపలను తన బాపుకు, అంటే మా మామయ్యకు, ఇస్తే చేపలకు ఇల్లు దొరుకుతుంది, బాపుకు చూసుకోవడానికి నీళ్ళు దొరుకుతాయి.

మా ఆయన నిజామాబాదు పోయి రెండడుగుల తొట్టి కొన్నారు. దుప్పటి చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, దారంతా పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చారు. గురువారం పొద్దున వదినె ఒక్కతే వచ్చింది. తన పాత తొట్టి అప్పటికే అమ్మేసింది, చేపలు తాత్కాలికంగా టబ్బులో ఉన్నాయి, ఎల్లుండి వాటిని తెస్తుంది. ఈలోగా కొత్త తొట్టిలో పెట్టడానికి ఒక వస్తువు తెచ్చింది. టిఫిన్ డబ్బా మూత తీసి చూపించింది.

అందులో మడ్డి నీళ్ళు. మడ్డి నీళ్ళలో ఒక స్పాంజి. స్పాంజి అని ఆమె చెప్పింది గనుక నమ్మాను గాని, నా కళ్ళకు అది వానాకాలమంతా పెరట్లో నానిన గోనెసంచి ముక్కలా ఉంది. వేలు పెడితే జిగురు. వాసన గురించి చెప్పను, భోజనం చేసి చదువుతున్నవాళ్ళు కూడా ఉంటారు.

“ఇది అయిదేండ్ల సంది నా తొట్టిల ఉన్నది. ఇట్లనే పెట్టి, గాలి మోటరు పైపు దీనికి తగిలియ్యి,” అంది వదినె. “కడుగుడు గిడుగుడు ఏం వద్దు పిల్లా. నువ్వు తకలీఫ్ తీస్కోకు.”

శ్రమ పడకన్న ఆ చివరి మాటే కొంప ముంచింది.

మీలో కోడళ్ళయినవాళ్ళకు చెప్పనక్కర లేదు, కానివాళ్ళ కోసం చెబుతాను. అత్తగారింట్లో ఆడబిడ్డ “వద్దు, నువ్వు తకలీఫ్ తీస్కోకు” అంటే దాని అర్థం వేరే ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వదినె తన చీరలు చూపించి “ఉండనీ, నేనే ఉతుక్కుంట” అంది. ఇంట్లో చదువుకున్నదాన్ని కదా, మాటను మాటగానే తీసుకుని ఊరుకున్నాను. మూడు రోజులు మా అత్తమ్మ నాతో చింతపండు, మిరపకాయలు అన్న రెండు విషయాలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అప్పుడు నేర్చుకున్నాను: వద్దు అంటే చెయ్యాలని, అదీ రెండోసారి అనకముందే చెయ్యాలని. అప్పటి నుంచి ఎవరు వద్దన్నా పరుగెత్తి చేసేదాన్ని. మా అత్తమ్మ మెచ్చుకుంటుండేది. విద్య అబ్బిందనుకున్నాను.

కనుక వదినె బస్సెక్కగానే టిఫిన్ డబ్బా తీసుకుపోయి పెరట్లో పెట్టాను. మర్నాడు శుక్రవారం. పాపం, ఇల్లు సర్దుకునే హడావుడిలో వదినెకు కడుక్కునే తీరిక దొరకలేదు, సిగ్గుపడి వద్దంది, ఆ మాత్రం అర్థం చేసుకోలేనా అనుకున్నాను. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టాను. పిడికెడు దొడ్డుప్పు వేశాను. రెండు చెంచాల పసుపు వేశాను. అందులో ఆ స్పాంజిని ముంచి, కర్రతో తిప్పి, చల్లారాక రెండు చేతులా పిండాను. మొదటిసారి కషాయం రంగు నీళ్ళు వచ్చాయి. రెండోసారి టీ రంగు. ఐదోసారికి నీళ్ళు తేటపడ్డాయి. ఐదేళ్ళ మురికి అరగంటలో వదిలించానని నా చేతులను నేనే ఒకసారి చూసుకున్నాను.

అంతటితో ఆపినా కొన్ని ప్రాణాలు మిగిలేవేమో. ఆపలేదు. సాయంత్రం దాకా గోడ మీద ఎండబెట్టాను. తరువాత, దీపం వెలిగే ఇంట్లో పెట్టే వస్తువు కదా అని సాంబ్రాణి పొగ కూడా పట్టాను. పొగలోంచి తీసేసరికి ఆ స్పాంజి నలుగు పెట్టిన పెళ్ళికూతురిలా పసుపు పచ్చగా మెరిసిపోతోంది. మా అత్తమ్మ చూసి, “మంచిగ చేసినవ్ బిడ్డా. సుగుణకు చిన్నప్పటి సంది శుభ్రం జర తక్కువనే,” అంది. కన్నకూతురి కంటే నన్ను ఒక మెట్టు పైన నిలబెట్టిన ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

తొట్టిలో పెడితే స్పాంజి తేలింది. దాని మీద రాయి పెట్టి ముంచాను. మోటారు వేస్తే బుడబుడమని బుడగలు వచ్చాయి. దండం పెట్టుకున్నాను.

శనివారం వదినె చేపలను మూతబకెట్టులో తెచ్చింది. సామాను లారీ రోడ్డు మీద ఆగి ఉంది, అన్నయ్యగారు అక్కడి నుంచే తొందర పెడుతున్నారు. ఆమె ఒక్కొక్క చేపను చేతుల్లోకి తీసుకుని నీళ్ళలోకి వదులుతూ, ఒక్కొక్కదానికి ఏదో చెప్పింది. నేను వినకూడదని పక్కకు తిరిగాను. పోతూ పోతూ అడిగింది.

“స్పాంజి పెట్టినవా?”

“పెట్టిన వదినె.”

ఎంత బాగా కడిగానో చెప్పాలని నాలుక చివర దాకా వచ్చింది. కాని చేసిన మంచిని మన నోటితో మనం చెప్పుకోకూడదని మా నాన్న నేర్పారు. చెప్పుకోలేదు. నాలో ఆ ఒక్క సద్గుణం లేకుండా ఉంటే కథ అక్కడే తేలిపోయేది. వదినె కళ్ళు తుడుచుకుంటూ నా రెండు చేతులు పట్టుకుని, “నీ మీద ఇడిసి పోతున్న,” అంది.

మూడు రోజులు స్వర్గం. మామయ్య కుర్చీ తొట్టి ముందుకు మారింది. పొద్దున టీ అక్కడే, మధ్యాహ్నం కునుకు అక్కడే. నాలుగో రోజు నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. ఐదో రోజు పొద్దున నేను దీపం పెట్టి వచ్చేసరికి మూడు చేపలూ పైకి వచ్చి, వరసగా నిలబడి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. అటూ ఇటూ కదలవు. నోళ్ళు మాత్రం ఆడుతున్నాయి.

నాకు ఏమనిపించిందో నిజం చెబుతాను, మీరు నన్ను క్షమించాలి. జపం చేస్తున్నాయనుకున్నాను.

అనుకుని ఊరుకుంటే నా వరకే ఉండేది. పక్కింటామెను పిలిచి చూపించాను. ఆమె పోయి ఇంకో ఇద్దరిని తెచ్చింది. ఒకామె తొట్టి ముందు మందార పువ్వు పెట్టింది. ఇంకొకామె, మంచి ఇంటికి వచ్చిన చేపలు కూడా మంచివే అవుతాయని నన్ను పొగిడింది. జపం చేసేవాళ్ళను ఆకలితో ఉంచకూడదు కదా అని నేను ఇంకో రెండు చిటికెల మేత వేశాను. చచ్చేవాళ్ళ గొంతులో లడ్డు కుక్కానని అప్పుడు తెలియదు.

మామయ్య స్నానం చేసి వచ్చి, ఆడవాళ్ళ వెనుక నిలబడి చూశారు. అందరూ పోయేదాకా ఆగారు. తరువాత మోకాళ్ళు పట్టుకుని వంగి, నీళ్ళ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు.

“జపం కాదు బిడ్డా. కాలువ బందు వెట్టినంక గుంటలల్ల మిగిలిన చేపలు గిట్లనే నోరు తెరుస్తయ్,” అన్నారు. “ఊపిరాడుత లేదు. ఇంకో రెండు రోజులైతే ఉండయ్. సుగుణకు ఫోన్ చెయ్యి.”

ఫోను మా ముందు గదిలో ఉండేది. అదే గదిలో మా అత్తమ్మ కందిపప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. రాళ్ళు ఏరడానికి చెవులతో పని లేదు గనుక అవి రెండూ నా వైపే ఉన్నాయి.

“బాగున్నరా వదినె?”

“బాగున్న. పెద్దోడు తింటుండా?”

“తింటుండు. జర పైకే ఉంటుండు.”

“పైకంటే?”

“నీళ్ళ మీదికి.”

“మూడూనా?”

“మూడూనే.”

“స్పాంజిలకెళ్ళి గాలి వస్తుందా?”

“మంచిగ వస్తుంది వదినె. స్పాంజికి ఏం మురికి లేదు.”

“మురికి ఎందుకు లేదు?”

పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. మురికి ఎందుకు ఉందని అడిగితే చెప్పుకోవడానికి పది కారణాలుంటాయి. ఎందుకు లేదంటే ఒక్కటే.

“కడిగిన.”

“నల్లా కిందనా?”

“నల్లా నీళ్ళు కాదు వదినె. మంచిగ మరగవెట్టిన నీళ్ళు.”

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు. నేను తొందరగా మిగతాది కూడా చెప్పేస్తే మంచిదనుకున్నాను. “దాంట్ల ఉప్పేసిన.”

“ఇంకా?”

“పసుపు.”

“ఇంకా?”

అబద్ధం ఆడకూడదు. “ఎండల వెట్టిన. ఇగ, సాంబ్రాణి పొగ గూడ వెట్టిన.”

ఇంతసేపూ పప్పు చేటలో కదిలిన అత్తమ్మ చేయి ఆగింది. “నేనైతే కడుగుమని చెప్పలే,” అంది కందిపప్పుతో.

వదినె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ఆ మురికిలో కంటికి కనబడని సన్న జీవాలుంటాయట. చేపలు వదిలిన విషాన్ని అవి తిని నీళ్ళను బాగు చేస్తాయట. కొత్త తొట్టిలో అవి వాటంతట అవి పుట్టి పెరగాలంటే నెల పైన పడుతుంది, అందుకే పాత స్పాంజిలో పెరిగిన సంసారాన్ని సంసారంగా తెచ్చి ఇచ్చింది. దాన్ని నేను ఉప్పూ పసుపూ వేసి వండాను.

“నేను కడగద్దన్న గద సువర్ణా,” అంది చివరికి.

“అన్నరు. మర్యాదకు అన్నరనుకున్న వదినె.”

ఏడ్చిందో నవ్విందో ఇప్పటికీ తెలియదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినిపించింది. తరువాత చేయవలసింది చెప్పింది. మేత ఆపాలి. రోజూ మూడో వంతు నీళ్ళు తీసి, నల్లా నీళ్ళు ముందు రోజే పట్టి ఉంచి, అవి పోయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊళ్ళో చేపలున్న పాత తొట్టి ఎక్కడైనా ఉంటే అందులోంచి మురికి స్పాంజి అడిగి తేవాలి. స్పాంజి లేకపోతే అడుగున ఉన్న రాళ్ళయినా సరే, వాటికీ ఆ జిగురు పట్టి ఉంటుంది. “ఎవ్వరు గూడ కడగద్దు,” అని మూడుసార్లు చెప్పింది.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. ఎవరింటికి పోయినా వాళ్ళ గడప కడిగి ఉందా లేదా అని మనసులో చూసుకునే నేను, ఊళ్ళో అందరి కంటే మురికి తొట్టి ఎవరి దగ్గరుందని వెతకాలి.

మా ఆయన ఎక్కువ ఆలోచించలేదు. బస్టాండు దగ్గర మల్లేశం ఫోటో స్టూడియో. పెళ్ళి జంటలను వెనక నిలబెట్టి అద్దంలోంచి ఫోటో తీయడానికి అతను ఒకప్పుడు చేపల తొట్టి పెట్టాడు. మూడేళ్ళు పోయేసరికి అద్దం ఎంత పచ్చబడిందంటే, ఆ మధ్య పెళ్ళయిన జంటలన్నీ చెరువులో మునిగి తేలిన జంటల్లా ఫోటోల్లో ఉండేవి. లోపల చేపలున్నట్టు అప్పుడప్పుడు ఒక తోక కనబడి తెలిసేది.

మేం వెళ్ళేసరికి స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలవాళ్ళు వరసగా కూర్చున్నారు. నేను తొట్టి వైపు చూడగానే మల్లేశం ముఖం మాడిపోయింది.

“గిరాకీతోని టైం దొరుకుత లేదక్కా. ఈ ఐతారం కడుగుదామనే అనుకుంటున్న.”

“వద్దన్నా. మాకు ఆ మురికే కావాలె.”

ఎగతాళి చేస్తున్నానేమోనని అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన చాలా గంభీరంగా, “అవునన్నా, మురికే కావాలె,” అన్నారు. లోపలి స్పాంజి మాకిస్తే బదులుగా కొత్తది కొనిస్తామని, మా చేపలు చచ్చేటట్టున్నాయని చెప్పాను. చేపల మాట వినగానే అతని మనసు కరిగింది. ఇంత మంది ఉన్నారు, ఒక్క గంట ఆగి రండి, తీసి పెడతానన్నాడు. కడగకు అన్నా, అట్లనే ఇయ్యి అని నేను చెప్పాను. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చి మళ్ళీ చెప్పాను. నా ఖర్మ కొద్దీ ఇంకో మాట కూడా కలిపాను.

“నువ్వు తకలీఫ్ తీస్కోకు.”

ఇంటికి పోయి రాగి చెంబు తెచ్చాను. అభిషేకానికి తప్ప బయటికి తీయని చెంబు. ఒకరి మురికిని అంత భక్తిగా ఎవరూ అడుక్కుని ఉండరు. గంట కాగానే స్టూడియోకి పోతే, మల్లేశం చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెమటలు కక్కుతూ, నవ్వుతూ ఎదురొచ్చాడు. చేతిలో కొత్త ప్లాస్టిక్ కవరు. కవరులో స్పాంజి. మల్లెపువ్వులా ఉంది. సబ్బు వాసన గుమ్మం దాకా కొడుతోంది.

“చూడుండ్రి అక్కా. రెండు సార్లు సబ్బు పొడి వెట్టి పిండిన. గిరాకీని గూడ కూసోవెట్టిన.”

నేను కవరులోకి తొంగి చూశాను. “కడగద్దన్న గద అన్నా.”

“మీరు మర్యాదకు అంటరు. గంత మంచింటోళ్ళు వచ్చి అడిగితే గా మురికి చేతుల వెడ్తనా? మాకు తెల్వదా అక్కా?”

ఫోటోలు దిగేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాను. మా ఆయన కెమెరా వెనుకకు పోయి నల్లగుడ్డ తల మీద కప్పుకున్నారు. గుడ్డ ఊగుతుంటే ఏడుస్తున్నారనుకుని మల్లేశం కంగారు పడ్డాడు. నేను మాత్రం అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయాను. ఆ ముఖంలో కనబడిన తృప్తిని నేను ఎక్కడో చూశాను. పోయిన శుక్రవారం, పసుపు నీళ్ళ గిన్నెలో.

అతన్ని ఏ నోటితో అనను? ఒక్కటే ఆశ మిగిలింది.

“అడుగున రాళ్ళు గూడ కడిగినవా అన్నా?”

మల్లేశం తల దించుకున్నాడు. “అబద్ధమెందుకక్కా. మూడేండ్ల సంది వాటి జోలికే పోలే. పైకి కనవడయ్ గద.”

పరాయి మనిషి బద్ధకానికి దేవుడికి అంతగా కృతజ్ఞతలు చెప్పుకున్నది నా జీవితంలో అదొక్కసారే. మర్యాద చూపించే అవకాశం అతనికి మళ్ళీ ఇవ్వకుండా, నా గాజులు వెనక్కి తోసి, చేయి తొట్టిలోకి భుజం దాకా ముంచి, నల్లగా జిగురు కట్టిన రాళ్ళను చెంబు నిండా నేనే తీసుకున్నాను. కొన్నిటిని అతని చేపల కోసం వదిలేశాను. మరి వాటి స్పాంజి కూడా నా పుణ్యాన పోయింది కదా.

పల్చటి పాత ధోవతి గుడ్డలో ఆ రాళ్ళు మూటగట్టి, మా తొట్టిలో బుడగల కింద వేలాడదీశాం. ఇక నీళ్ళు మార్చే పని మామయ్య చేతిలోకి తీసుకున్నారు. ముందు రోజు పట్టిన బకెట్లకు కాలువ కింద పొలాలకు పెట్టినట్టే వంతులు పెట్టారు. కుర్చీలోంచే చేయెత్తి “ఇగ తూము ఎత్తు” అనేవారు, నేను పైపు కిందికి వదిలేదాన్ని. “బందు పెట్టు” అంటే పైపు మడిచేదాన్ని. గౌరి రెండు రోజులు పక్కకు ఒరిగి ఉంది. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సగమే తిన్నారు, నేను అదీ తినలేదు. మూడో రోజు గౌరి నిలబడి ఈదింది. పదో రోజుకు నీళ్ళు తేటపడ్డాయి. మూడు వారాలకు ముగ్గురూ అడుగుకు దిగి, స్పాంజి చుట్టూ మూతులు ఆనించి, లోకంలో ఏమీ జరగనట్టు మేత వెతుక్కున్నారు. మామయ్య మాత్రం నీళ్ళ వంతులు ఆపలేదు. అవసరం తీరాక కూడా రోజూ ఒక బకెట్టుకు తూము ఎత్తించేవారు. నేనూ ఎత్తేదాన్ని.

చేపలు అడుగుకు దిగిన రోజే తొట్టి ముందు నిలబడి, తడి చేతులు జోడించి ప్రమాణం చేశాను. ఇక నుంచి ఎవరు వద్దన్నా, అది వద్దు అనే అర్థం చేసుకుంటాను. మర్యాదకు అన్నారా, నిజంగా అన్నారా అని వాళ్ళ మనసులో దూరి చూడను.

రెండు నెలలకు వదినె వచ్చింది. చెప్పులు విప్పకుండానే తొట్టి దగ్గరికి పోయి, మూడు పేర్లూ పిలిచి, అద్దం మీద అరచేయి పెట్టి చాలాసేపు నిలబడింది. పసుపు స్పాంజి అప్పటికి గోధుమ రంగుకు తిరిగింది. “ఇప్పుడు మంచిగున్నది,” అంది, నా తల మీద చేయి వేసి. ఆ మురికిని మెచ్చుకున్నందుకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భోజనానికి కూర్చుంది. పొద్దున నుంచి బస్సులో ఏమీ తినలేదట. పుంటికూర పప్పుతో మొదటి వాయి తినగానే నేను అన్నం గిన్నె పట్టుకుని పోయాను. వదినె కంచం మీద చేయి అడ్డం పెట్టి, “చాలు పిల్లా, వద్దు,” అంది.

నా ప్రమాణం నాకు గుర్తుంది. గిన్నె తీసుకుపోయి వంటింట్లో పెట్టి మూత పెట్టాను.

కాసేపటికి ముందు గదిలోంచి వదినె గొంతు వచ్చింది. “అవ్వా, నీ కోడలు నిజంగనే తీస్కపోయిందే.”

అత్తమ్మ ఆ తరువాత నాతో చింతపండు, మిరపకాయల గురించి మాత్రమే మాట్లాడిన రోజులు ఈసారి నాలుగు. కనుక నా ప్రమాణాన్ని సవరించి, మీ అందరి సాక్షిగా మళ్ళీ చేస్తున్నాను. అన్నం దగ్గర ఎవరు వద్దన్నా ఇంకో గరిటె వేస్తాను. కాని ఈ జన్మలో ఇంకెవరి స్పాంజికీ స్నానం చేయించను. వాళ్ళే వచ్చి, మర్యాదకు కాదు, నిజంగానే చేయించమని బతిమాలినా సరే.